ఋతుచర్య – పశుసంరక్షణ

తెలుగువారు సంసారపు కలిమిని 'పాడిపంటలు' అనే ఒక్క జంటపదంతో చెబుతారు. అందులో పాడి ముందు, పంట తరువాత. పొలం దున్నే ఎద్దు, ఇంటికి పాలిచ్చే గేదె ఆరోగ్యంగా ఉన్నప్పుడే రైతు ఇల్లు చల్లగా ఉంటుంది. చిన్న రైతుకు ఒక పాడిగేదె మరణమంటే ఆదాయం పోవడమే కాదు, దానిని కొనడానికి చేసిన అప్పు మిగలడం కూడా. పైగా పశువు నోరులేని జీవి. తన బాధను తాను చెప్పుకోలేదు. అందువల్ల దానికి వచ్చే వ్యాధిని ముందుగా ఊహించి నివారించడం యజమాని బాధ్యత. పశువ్యాధులలో అనేకం ఋతువును అనుసరించి వస్తాయి. కనుక పశుసంరక్షణలో మందు ఎంత ముఖ్యమో, దానిని వేసే కాలం కూడా అంత ముఖ్యం.

మన పూర్వులకు ఈ విద్య తెలియనిది కాదు. తిక్కన విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో అశ్వశాలను, సహదేవుడు తంత్రీపాలుడనే పేరుతో గోగణాన్ని రక్షిస్తారు. రాజకుమారులు అజ్ఞాతవాసానికి ఈ వృత్తులను ఎన్నుకోవడాన్ని బట్టి నాటి సమాజంలో వాటికున్న గౌరవం తెలుస్తుంది. అశ్వశాస్త్రానికి శాలిహోత్రుడు ఆద్యుడని ప్రసిద్ధి. ఆయన పేరునుండి పుట్టిన 'సాలోత్రి' అనే మాట ఉత్తర భారతంలో గుర్రాల వైద్యుడికి పేరుగా నిలిచింది. తెలుగులో మనుమంచిభట్టు 'హయలక్షణ విలాసము' రచించాడు.

ఈ జ్ఞానం కొరవడితే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం కూడా చరిత్రలో ఉంది. కాకతి రుద్రమదేవి పాలనను, మోటుపల్లి రాజ్యాన్ని ప్రస్తుతించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో పాండ్యదేశపు గుర్రాల దుస్థితిని కూడా వర్ణించాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకునేవారనీ, వాటిని సాకడం తెలిసినవారు లేక సంవత్సరం తిరిగేసరికి చాలావరకు చనిపోయేవనీ అతడు రాశాడు. ధనం పోసి పశువును కొనవచ్చు కాని, పోషణజ్ఞానం లేనిదే దానిని నిలుపుకోలేమని ఈ వృత్తాంతం తెలుపుతుంది.

ఇక ఋతువుల వరుసలో ఏ కాలంలో ఏ జాగ్రత్త అవసరమో పరిశీలిద్దాం. ఓరుగల్లు ప్రాంతంలో ఎండలు తీవ్రం. గేదె చర్మం నల్లనిది, స్వేదగ్రంథులు తక్కువ. అందువల్ల అది ఆవుకంటే త్వరగా వడదెబ్బకు లోనవుతుంది. చెరువులో పడుకోవడం దానికి విలాసం కాదు, శరీరాన్ని చల్లబరచుకునే మార్గం. చెరువు లేనిచోట రోజుకు రెండు మూడుసార్లు నీళ్లతో కడగాలి. ఉదయం, సాయంత్రం మాత్రమే మేతకు వదలాలి. గుర్రం స్థితి వేరు. అది విపరీతంగా చెమటోడుస్తుంది, చెమటతో లవణాలను కోల్పోతుంది. కనుక దానికి నీటితోపాటు ఉప్పు కూడా అందాలి.

రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించగానే తొలకరి మొదలవుతుంది. రైతు ఆనందించే ఈ కాలమే పశువులకు గండకాలం. గొంతువాపు వ్యాధి సోకిన పశువుకు తీవ్ర జ్వరం వస్తుంది, గొంతు వాచి ఊపిరి గురకగా మారుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. గేదెలలో దీని తీవ్రత ఎక్కువ. జబ్బవాపు వ్యాధి బలిష్ఠమైన పడుచు పశువులను పట్టుకుంటుంది. తొడ లేదా జబ్బ కండరం వాచి, నొక్కితే చిటపటమని శబ్దం వస్తుంది. ఈ రెండింటికీ టీకాలున్నాయి. అయితే టీకా వేసిన వెంటనే రక్షణ కలగదు. శరీరంలో వ్యాధినిరోధక శక్తి ఏర్పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందువల్ల రోహిణి కార్తెకు ముందే టీకా పూర్తికావాలి. పక్క కొట్టంలో పశువు పడిపోయిన తరువాత పరుగెత్తడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లే.

వానలకు మొలిచే పచ్చిమేతలోనూ ప్రమాదం పొంచి ఉంటుంది. పూతకు రాని లేత జొన్నలో, ముఖ్యంగా బెట్టకు వాడిన జొన్నలో, సైనైడ్ విషం ఏర్పడుతుంది. దానిని మేసిన పశువు నిమిషాల్లో కూలిపోవచ్చు. తడిసి బూజుపట్టిన గడ్డి గుర్రానికి కడుపునొప్పి కలిగిస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు కనుక ఆ నొప్పి ప్రాణాంతకం కావచ్చు.

అన్నింటికంటే భయంకరమైనది దొమ్మవ్యాధి. దీని బాక్టీరియా సిద్ధబీజాలుగా మారి నేలలో దశాబ్దాలపాటు నిలిచి ఉండగలదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలోని చాపలబండ గ్రామంలో గొర్రెలు ఈ వ్యాధితో మరణించాయి. ఇలా చనిపోయిన పశువు ముక్కు, నోరు మొదలైన రంధ్రాలనుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంది. దాని కళేబరాన్ని కోయరాదు, తోలు ఒలవరాదు, మాంసం తినరాదు. ఈ వ్యాధి మనుషులకు కూడా సోకుతుంది. వైద్యుడికి తెలిపి, ఆరడుగుల లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చిపెట్టాలి. నష్టపోయిన యజమానికి తోలైనా దక్కనీయమని అనిపించడం సహజమే. కాని ఆ ఒక్క తోలు ఊరినంతటినీ ఆపదలో పడవేయగలదు.

వానలు వెనుకబట్టాక చెరువు గట్ల వెంట నత్తలు పెరుగుతాయి. వాటి ద్వారా కార్జపు జలగలు పశువుల కాలేయంలో చేరి, వాటిని క్రమంగా కృశింపజేస్తాయి. చెరువులకు పేరుగన్న ఈ సీమలో నట్టల నివారణ మందు తప్పనిసరి. ఈ కాలంలోనే జోరీగలు సర్రా వ్యాధిని గుర్రాలకు వ్యాపింపజేస్తాయి. కొట్టం చుట్టూ నీరు, పేడ నిలవకుండా చూడటం మొదటి చికిత్స. గాలికుంటు వ్యాధి సోకితే నోటిలో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి. పెద్ద పశువులు తరచుగా బతికినా పాలు, పనిశక్తి తగ్గిపోతాయి. దూడలు మాత్రం చనిపోయే ప్రమాదం ఉంది. దీని నివారణకు 2019లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా టీకాలు వేస్తున్నారు.

నివారణ ఫలితం ఎంత గొప్పదో ముసరవ్యాధి కథ నిరూపించింది. ఒకనాడు ఊళ్లకు ఊళ్లను గొడ్లులేనివిగా చేసిన ఆ వ్యాధి ఊరూరా సాగిన టీకాలతో, కట్టుదిట్టమైన నిఘాతో అణగింది. 2006లో భారతదేశం, 2011లో ప్రపంచమంతా దానినుండి విముక్తి పొందాయి. మశూచి తరువాత భూమిమీదినుండి సమూలంగా తొలగిన రెండవ వ్యాధి ఇదే. కాని నిశ్చింతగా ఉండరాదు. 2019లో మన దేశంలో కనిపించిన ముద్దచర్మ వ్యాధి 2022లో పలు రాష్ట్రాలలో వేలాది పశువులను బలిగొన్నది.

ఈనాడు సహాయం దూరంలో లేదు. వరంగల్ సమీపంలోని మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల గ్రామానికి వస్తుంది. అయితే పశువు నెమరు వేయడం మానిందని, చెవులు వాల్చిందని మొదట గమనించవలసింది దానిని కట్టివేసిన చేయే. ఒక్క ఇంటివారు టీకాను నిర్లక్ష్యం చేస్తే నష్టం మందకంతటికీ కలుగుతుంది. కార్తెలను లెక్కించి విత్తనం సిద్ధం చేసుకునే రైతు, ఆ లెక్కలోనే టీకాను కూడా చేర్చుకున్ననాడు పాడిపంటలు రెండూ పచ్చగా నిలుస్తాయి.