చెప్పి ఒప్పించే వైద్యం: ఉట్నూర్ ఏజెన్సీలో క్యాన్సర్ నివారణ విద్య

ఉట్నూర్ కేంద్రంగా పనిచేసే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో రాజగోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, ఆంధ్‌లు, లంబాడీలు ఇరుగుపొరుగు గూడేల్లో, తండాల్లో జీవిస్తున్నారు. ఇంట్లో గోండీ, కోలామీ, లంబాడీ, మరాఠీ వంటి భాషలు మాట్లాడుకునే ఈ కుటుంబాలకు ఆసుపత్రిలో వినిపించేది తెలుగు, చేతికందే చీటీ మీద కనిపించేది చాలావరకు ఇంగ్లీషు. జ్వరానికో కాన్పుకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నా, క్యాన్సర్ చికిత్సకు ప్రభుత్వ రంగంలో ప్రధానమైన ఎం.ఎన్.జె. ఆసుపత్రి హైదరాబాదులో ఉంది. ఆదిలాబాద్ పట్టణం నుంచే అది సుమారు 300 కిలోమీటర్ల దూరం. రేడియేషన్ చికిత్స వారాల తరబడి సాగుతుంది కనుక, ఆరోగ్యశ్రీ వైద్యపు ఖర్చును భరించినప్పటికీ, పోయిన కూలినీ, అదను తప్పిన చేనునూ, తోడు వెళ్లిన మనిషి తిండీ బసా ఖర్చునూ కుటుంబమే మోయవలసి వస్తుంది. రోగం రాకుండా చూసుకోవడం, వచ్చినా మొదట్లోనే పసిగట్టడం అందరికీ మేలే అయినా, ఇంత దూరాన ఉన్నవారికి అవి ప్రాణావసరాలు.

కణంలో జరిగే మార్పు

శరీరంలోని ప్రతి కణం ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు నశించాలో దానిలోని జన్యువులు నిర్దేశిస్తాయి. పొగాకులోని రసాయనాల వల్లనో, కొన్ని వైరస్‌ల వల్లనో, వయసుతో పేరుకునే పొరపాట్ల వల్లనో ఈ జన్యువులు దెబ్బతిన్నప్పుడు కణం అదుపు తప్పి విభజన చెందుతూ, పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయి, రక్తం ద్వారా దూర అవయవాలకు పాకుతుంది. ఈ స్థితినే క్యాన్సర్ అంటారు. ఈ మార్పు సాధారణంగా ఏళ్ల తరబడి, మెట్టు మెట్టుగా జరుగుతుంది. కణాలు మారినా ఇంకా లోపలికి చొచ్చుకుపోని మధ్యకాలాన్ని వైద్యులు క్యాన్సర్ పూర్వదశ అంటారు. నోటిలోను, గర్భాశయ ముఖద్వారం వద్దను ఈ పూర్వదశను శిక్షణ పొందిన కన్ను గుర్తించగలదు. క్యాన్సర్ ఒకరి నుంచి మరొకరికి అంటదు కాబట్టి రోగితో కలిసి తినడం వల్ల, ఒకే ఇంట్లో పడుకోవడం వల్ల ఎవరికీ అది రాదన్న సంగతి ప్రతి ఇంటికీ ముందుగా తెలియాలి. రోగాన్ని దాచిపెట్టించే భయం అప్పుడే తగ్గుతుంది.

నోటి క్యాన్సర్: నివారించదగిన రోగం

మన దేశంలో నోటి క్యాన్సర్‌కు మొదటి కారణం పొగాకు. ఎండి, మాగే క్రమంలో పొగాకులో నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఏర్పడి, నమిలినప్పుడు లాలాజలంలో కలిసి చెంప లోపలి పొరలోని జన్యుపదార్థాన్ని గాయపరుస్తాయి. దానితో కలిపే సున్నం నోటిలోని క్షారగుణాన్ని పెంచి నికోటిన్ త్వరగా ఒంటబట్టేలా చేస్తుంది, దాంతో అలవాటు వ్యసనంగా బిగుస్తుంది. పొగాకు లేని వక్క కూడా నిరపాయకరం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా 2004లో ప్రచురించిన నివేదికలో ప్రకటించింది. వక్క ఎక్కువగా నమిలేవారిలో చెంప లోపలి పొర క్రమంగా గట్టిపడి నోరు తెరుచుకోవడమే కష్టమయ్యే స్థితి ఏర్పడుతుంది; సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ స్థితి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. బీడీ సిగరెట్ కంటే మేలైనదన్న నమ్మకానికి ఆధారం లేదు. వేసవిలో బీడీలు చుట్టే తునికాకు సేకరణ అడవి గ్రామాలకు ఆదాయాన్నిస్తుంది గనుక, ఆ కూలిని కించపరచకుండానే బీడీ పొగలోని అపాయాన్ని వివరించవలసి ఉంటుంది. మద్యం, పొగాకు రెండూ ఉన్నవారిలో ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. పండుగలో, దేవుడి కార్యంలో ఇప్పసారాకు ఉన్న స్థానాన్ని గౌరవిస్తూనే, రోజువారీ తాగుడుకూ దానికీ ఉన్న తేడాను పెద్దలే యువతకు చెప్పగలరు.

నోటిలో రుద్దినా పోని తెల్లమచ్చ, నునుపైన ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా బిగుసుకున్న నోరు, మెడలో గట్టి గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. ఈ గుర్తులను వెతకడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో ప్రారంభమైన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వెలుతురులో నోరు పరీక్షించగా, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడింట ఒక వంతు మేర తగ్గాయని 2005లో వెల్లడైంది.

విద్య పనిచేస్తుందనడానికి తెలుగు నేల మీదే రుజువుంది. చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు బలంగా ఉన్న శ్రీకాకుళం జిల్లాను, కేరళలోని ఎర్నాకుళంను, గుజరాత్‌లోని భావ్‌నగర్‌ను ఎంచుకుని, టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థకు చెందిన పరిశోధకులు 1970ల చివర మొత్తం 36,000 మంది పొగాకు వాడకందార్లతో అధ్యయనం మొదలుపెట్టారు. ఒక్కొక్కరినీ కలిసి నచ్చజెప్పడం, దానికి తోడుగా ప్రచార సాధనాలను వాడడమే అక్కడి చికిత్స. విద్య అందినవారిలో అలవాటు మానినవారు పెరిగారనీ, పూర్వదశ మచ్చలు కొత్తగా రావడం తగ్గిందనీ 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్

స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ సంబంధాన్ని కనుగొన్న జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించే ఈ వైరస్ చాలామంది స్త్రీపురుషులకు ఎప్పుడో ఒకప్పుడు సోకి దానంతటదే పోతుంది గనుక, అది ఎవరి నడవడికకూ మచ్చ కాదు. కొద్దిమంది స్త్రీలలో అది పోకుండా నిలిచిపోయి, పదిహేను ఇరవై ఏళ్లలో క్యాన్సర్‌గా మారవచ్చు. ఇందులో 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం.

పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్దితే మారిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. నర్సు ఆ తెలుపును చూసి గుర్తించే ఈ పరీక్ష చవకైనది, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష మరింత నమ్మదగినది. ఒకనాడు ఆదిలాబాద్ వలెనే నిజాం రాజ్యంలో భాగమైన, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో మొదలై, 30 నుంచి 59 ఏళ్ల గ్రామీణ స్త్రీలు లక్షా ముప్పై వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం, జీవితంలో ఒక్కసారి చేసిన వైరస్ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించిందని 2009లో తేల్చింది. ఆ పక్కనే ఉన్న బార్షీ ప్రాంతంలో గ్రామీణ క్యాన్సర్ నమోదు కేంద్రం 1987లో ఏర్పడింది. అక్కడి కార్యకర్తలు ఊరూరా తిరిగి లక్షణాలను వివరించగా, ముదిరిన దశలో కాక తొలిదశలో ఆసుపత్రికి చేరే స్త్రీల నిష్పత్తి పెరిగింది. నెలసరుల మధ్య రక్తస్రావం, నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, అలాగే రొమ్ములో నొప్పిలేని గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం వంటి గుర్తులను స్త్రీలు స్త్రీల నోటనే వినగలిగితే సిగ్గు అడ్డురాదు.

ఖమ్మం నేర్పిన పాఠం

వైరస్ సోకకముందే వేసే టీకా ఈ క్యాన్సర్ నివారణలో అత్యంత బలమైన సాధనం. 2030 నాటికి దేశాలు చేరుకోవలసిన మెట్లుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మూడు లక్ష్యాలు పెట్టింది: 15 ఏళ్లలోపు బాలికల్లో 90 శాతానికి టీకా, స్త్రీలలో 70 శాతానికి పరీక్ష, రోగం బయటపడినవారిలో 90 శాతానికి చికిత్స. భారతదేశంలోనే తయారైన సెర్వావ్యాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. అయితే గిరిజన ప్రాంతంలో ఈ టీకా మొదటి అనుభవం చేదుగా మిగిలింది. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకాలు వేయించాయి. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. కొందరు బాలికల మరణవార్తలతో ఆందోళన రేగి 2010లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం విచారణలో దొరకలేదు. అయినా, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు రెండు వేలకు పైగా అంగీకార పత్రాలపై సంతకాలు చేశారన్న వాస్తవాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. విజ్ఞానపరంగా మేలైన టీకా అయినా, అడగకుండా వేసినప్పుడు నమ్మకాన్ని పోగొట్టింది. వివరించడం, ప్రశ్నలు వినడం, కాదనే హక్కును గౌరవించడం వైద్యానికి ముందు జరిగే లాంఛనం కాదని, వైద్యంలో భాగమేనని ఖమ్మం నేర్పింది.

ఉట్నూర్ చేతిలోని బలాలు

సొంత భాషలో, సొంత మనుషులతో విద్య నేర్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాంపై పోరాడిన గోండు నాయకుడు కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడైన తరువాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉంటూ, 1943లో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రానికి పునాది వేశాడు. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అదే పద్ధతి ఆరోగ్య విద్యకూ నప్పుతుంది. గోండీ, కోలామీ మాట్లాడే ఆశా కార్యకర్త నోటి గుర్తులను ఇంటి అరుగు మీదే చూపించగలదు. తగాదాలు తీర్చే రాయ్ సెంటర్లకు పెద్దలైన సార్‌మేడీలు, ఊరి పెద్దలైన పట్లాలు, పూజారులైన దేవారీలు, తండాల్లో నాయకులు ముందుగా విని ఒప్పుకుంటే, కేస్లాపూర్ నాగోబా జాతర, వారపు సంత, దండారీ నృత్య బృందాల రాకపోకలు, ఆదిలాబాద్ ఆకాశవాణి ప్రసారాలు ఆ మాటను గూడెం గూడేనికీ చేర్చగలవు. పొగాకు అపాయాన్ని ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్న బిడ్డ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతతో ఆ ముచ్చట పెట్టగలుగుతుంది.

ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని జాతీయ కార్యక్రమం 2016 నుంచి నిర్దేశిస్తోంది. అయితే పరీక్షలో తేడా కనిపించిన మనిషిని ఆదిలాబాద్ రిమ్స్‌కో హైదరాబాదుకో చేర్చే దారి, బస్సు ఖర్చు, వెంట వచ్చే కార్యకర్త ముందే సిద్ధంగా లేకపోతే, ఆ విద్య భయాన్ని మాత్రమే మిగులుస్తుంది. అందుకే ఉట్నూర్ ఏజెన్సీలో క్యాన్సర్ నివారణ విజయాన్ని పంచిన కరపత్రాల సంఖ్యతో కాక, ఎందరు తల్లులు టీకా సంగతి తెలుసుకుని స్వయంగా నిర్ణయించుకున్నారో, ఎందరు పొగాకు మానారో, మచ్చ కనిపించిన ఎందరు చికిత్స పూర్తి చేసుకుని ఇంటికి తిరిగి వచ్చారో లెక్కగట్టి కొలవాలి.