రెండు సిస్టమ్‌ల బుల్లి కంప్యూటర్.. కొనొచ్చా?

ముఖేడ్: ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారుకెళితే ఉర్దూ, కన్నడ కూడా. నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకాలోని తెలుగు కుటుంబాలకు ఇది రోజూ ఉండేదే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతం కాబట్టి చుట్టరికాలు ఇప్పటికీ నిజామాబాద్, హైదరాబాద్‌లతోనే. పిల్లలకు కంప్యూటర్ కావాలన్నా ‘సికింద్రాబాద్ సీటీసీలో చూసి పంపు’ అని అక్కడున్న మేనమామకో బాబాయికో ఫోన్ వెళుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరికే వాటిలో పాత నెట్‌బుక్ ఒకటి. అందులోనూ ‘రెండు సిస్టమ్‌లు ఉన్నది’ అనగానే ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నట్టు వినిపిస్తుంది. డబ్బు కట్టేముందు అసలు సంగతి చూద్దాం.

నెట్‌బుక్‌ల సందడి 2007లో ఆసుస్ తెచ్చిన 7 అంగుళాల ఈఈఈ పీసీతో మొదలైంది. 2009లో ఏసర్ తన ఆస్పైర్ వన్ డీ250లో విండోస్ ఎక్స్‌పీ పక్కనే ఆండ్రాయిడ్‌ను కూడా పెట్టింది. మరుసటి ఏడాది డీ255 వచ్చింది. ఆలోచన మంచిదే. మీట నొక్కగానే ఆండ్రాయిడ్ చకచకా లేస్తుంది. మెయిల్ చూసుకోవాలన్నా, వెబ్‌సైట్ తెరవాలన్నా విండోస్ కోసం ఎదురుచూడక్కర్లేదు. రాసుకోవడం, లెక్కలు వేసుకోవడం ఉంటే విండోస్‌కు మారొచ్చు. కాకపోతే రెండూ ఒకేసారి నడవవు. దీనిలోంచి దానిలోకి వెళ్లాలంటే యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేయాల్సిందే.

ఆండ్రాయిడ్ ఉంది.. తెలుగు లేదు

మన ఇళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ఆనాటి ఆండ్రాయిడ్‌కు తెలుగు లిపి రాదు. తెలుగు పేపరు సైట్ తెరిస్తే అక్షరాల బదులు వరుసగా డబ్బాలు! మరాఠీదీ అదే గతి. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి చదివే పిల్లకు రెండూ కనిపించని సిస్టమ్ ఎంత వేగంగా తెరుచుకుంటే మాత్రం ఏం లాభం? పైగా గూగుల్ యాప్‌ల అంగడి (అప్పట్లో మార్కెట్ అనేవారు) అందులో లేదు. ఫోన్‌లోలాగా కావాల్సినవి దించుకుందామంటే కుదరదు.

ఎక్స్‌పీకి తెలుగు వచ్చు, కానీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సదుపాయాన్ని ఆన్ చేయాలి. అలా చేయబోతే తరచు విండోస్ సీడీ అడుగుతుంది. నెట్‌బుక్‌కేమో సీడీ పెట్టే చోటే ఉండదు! విండోస్ 7 స్టార్టర్ ఉన్న వాటికి ఈ బాధ లేదు, తెలుగు ముందే ఉంటుంది. (వాల్‌పేపర్ మార్చుకోనివ్వదు. అది పెద్ద లోటేమీ కాదనుకోండి.)

అంటే పనికొచ్చిన భాగమల్లా విండోసే. మహారాష్ట్రలో సర్కారు కొలువుకు చూసేవాళ్లకు 2001లో మొదలైన ఎంఎస్-సీఐటీ కోర్సు సంగతి చెప్పక్కర్లేదు. సెంటర్‌లో నేర్చుకున్న టైపింగ్, ఎక్సెల్ ఇంటికొచ్చి మళ్లీ చేసుకోవడానికి ఆ రోజుల్లో ఈ యంత్రం సరిపోయేది. బరువు కిలోంపావు అటూఇటూ. కరెంటు పెద్దగా తినదు. లోడ్‌షెడ్డింగ్ రోజుల్లో ఆరు సెల్‌ల బ్యాటరీ ఉన్నది గంటల తరబడి వచ్చేది. ఇబ్బందల్లా తెరతోనే. నిలువున 600 చుక్కలే కాబట్టి ఎక్సెల్‌లో కాసిని వరుసలే కనిపిస్తాయి. కొన్ని పెట్టెల్లో ‘ఓకే’ బటన్ తెర కిందకు జారిపోయి దొరకదు.

ఇప్పుడు కొంటే?

ఏసర్, ఆసుస్ నెట్‌బుక్‌ల తయారీ ఆపేసి పుష్కరం దాటింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 7కు క్రోమ్ కొత్త వెర్షన్లు కూడా 2023 నుంచి లేవు. అలాంటి దాంట్లో బ్యాంకు పని, ఉద్యోగ దరఖాస్తు అస్సలు వద్దు.

రెండు సిస్టమ్‌లనూ తీసేసి తేలికపాటి లినక్స్ ఒక్కటి వేసుకుంటే యంత్రానికి కొంత ఊపిరి వస్తుంది. అప్పుడు తెలుగూ, మరాఠీ రెండూ కనిపిస్తాయి. ఒక జీబీ ర్యామ్‌తో ఈడ్చుకుంటూ నడుస్తుంది కాబట్టి రెండు జీబీ వేయించాలి. అంతకు మించి పట్టదు. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టిస్తే తేడా బాగా తెలుస్తుంది. అయితే ప్రాసెసర్ ఏదో ముందు చూసుకోవాలి. డీ250లో ఉండే ఆటమ్ ఎన్270, ఎన్280లు 32 బిట్‌వి. 2025లో వచ్చిన డెబియన్ 13ను వాటిలో ఇన్‌స్టాల్ చేసుకునే వీలు లేదు, పాత 12తో సర్దుకోవాలి. డీ255లోని ఎన్450, ఎన్550 రకాలకు ఆ పేచీ లేదు.

ఎంఎస్-సీఐటీ కోసమే అయితే సెంటర్‌లో ఏ విండోస్, ఏ ఆఫీస్ మీద నేర్పుతున్నారో అడిగాకే మేనమామకు ఫోన్ చేయండి. అక్కడ కొత్త విండోస్ ఉంటే ఈ నెట్‌బుక్ మీద సాధన కుదరదు. ఒకటో రెండో వేలు ఎక్కువైనా సెకండ్‌హ్యాండ్ పెద్ద ల్యాప్‌టాపే నయం. టైపింగ్, ఉత్తరాలు, పాఠాల పీడీఎఫ్‌లు చాలనుకుంటే తీసుకోవచ్చు. అప్పుడు కూడా ఛార్జర్ వైరు తీసేసి అరగంట నడిపించి చూడమని చెప్పండి. బ్యాటరీ పోయినదైతే మళ్లీ దాని కోసం సికింద్రాబాద్ దాకా వెళ్లాల్సి వస్తుంది.