కర్నూలు ఏలిన హబ్షీ.. మీకు తెలుసా?

కర్నూలును ఒకప్పుడు ఓ ఆఫ్రికా బానిస ఏలాడని మీకు తెలుసా? పేరు సిద్దీ జౌహర్. హబ్షీ, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాడు. బీజాపూరు సుల్తానుల కాలంలో కర్నూలు జాగీరుదారు మలిక్ అబ్దుల్ వహాబ్‌ దగ్గర బానిసగా ఉండేవాడు. యజమాని కన్నుమూయగానే ఆయన కొడుకును ఖైదులో వేసి గద్దెనెక్కాడు. చివరికి సుల్తానే దిగొచ్చి, 'సలాబత్ ఖాన్' అని బిరుదిచ్చి మరీ మంచి చేసుకున్నాడు!

1660లో శివాజీని పన్హాళా కోటలో నాలుగు నెలలకు పైగా కదలనివ్వకుండా చేసింది ఎవరో తెలుసా? మన కర్నూలు జౌహరే! జులైలో ఓ వానరాత్రి శివాజీ తప్పించుకున్నాడు. వెంటపడ్డవాళ్లకు పల్లకీలో దొరికింది మాత్రం శివాజీ వేషం కట్టిన క్షురకుడు శివా కాశీద్ అంటారు. మాయాబజార్ ముందు పుట్టిందా, ఇది ముందు పుట్టిందా?

మామను మించిన అల్లుణ్ని చూశారా? జౌహర్ అల్లుడు సిద్దీ మసూద్ ఖాన్‌ది ఆదోని కోట. 1678 నుంచి 1683 దాకా, పసివాడైన సుల్తాను సికందర్ పేరిట బీజాపూరు రాజ్యాన్నే నడిపాడు. అక్కడి ఆస్థానంలో కుమ్ములాటలు పడలేక ఆదోనికి వచ్చేశాడు.

ఇక్కడైనా ప్రశాంతంగా ఉండనిచ్చారా? 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ వచ్చిపడ్డాడు. కోట ఎంతకీ లొంగదు. ఫిరంగులను మసీదు వైపు తిప్పించాడట! అది మసూద్ ముచ్చటపడి కట్టించుకున్న షాహీ జామియా మసీదు. దాని మీద గుండు పడకూడదని కోటనే అప్పగించేశాడని ఆదోనిలో చెప్పుకుంటారు. పత్తి మార్కెట్టుకు వెళ్లినప్పుడు చూసిరండి, దర్జాగా నిలబడే ఉంది. అన్నట్టు, ఆ ఫిరోజ్ జంగ్ ఎవరనుకున్నారు? మొదటి నిజాం తండ్రి!

దక్కనులో పేరు మోగిన హబ్షీలు వీళ్లిద్దరేనా? ఇథియోపియాలో పుట్టి, చేతులు మారి మారి, బాగ్దాద్ మీదుగా దక్కనుకు చేరిన బానిస మాలిక్ అంబర్. కొన్నది అహ్మద్‌నగర్ పేష్వా చంగీజ్ ఖాన్. ఆయనా ఒకప్పటి బానిసే! తర్వాత అహ్మద్‌నగర్ సేనలను నడిపిన అంబర్‌ను పూర్తిగా లొంగదీసుకోలేని మొఘల్ చక్రవర్తి జహంగీర్ ఏం చేశాడో తెలుసా? అంబర్ తలను తాను బాణంతో కొడుతున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. కాగితం మీదైనా గెలిచాడు, పాపం!

వీళ్లు మనవైపు వచ్చిన బానిసలు. మరి పడమటికి వెళ్లినవాళ్లు? అష్టాచెమ్మా గవ్వలతో మనుషులను కొన్నారని మీకు తెలుసా? మాల్దీవుల గవ్వలు యూరప్ వర్తకుల ఓడల్లో పశ్చిమ ఆఫ్రికా చేరి, అక్కడ డబ్బుగా చెల్లేవి. అలా కొన్నవాళ్లతో కలిపి, అట్లాంటిక్ దాటించడానికి ఓడ ఎక్కించింది సుమారు 1.25 కోట్ల మందిని. ఒడ్డుకు చేరింది సుమారు 1.07 కోట్ల మంది. ఇక్కడ జోకు లేదు.

మళ్లీ మన దగ్గరికొద్దాం. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఒకప్పుడు ఎవరుండేవారో తెలుసా? నిజాం ఆఫ్రికన్ అశ్వదళం! వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. పాతబస్తీ బరాత్‌లో మర్ఫా మోగితే ఓసారి ఆగి వినండి. అందులో వాళ్ల దరువూ ఉంది.