జ్వరం, ఒక గంట

కీమోథెరపీ క్యాన్సర్ కణాలతో పాటు ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాల్నీ తగ్గించేస్తుంది. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి.

ఆ గంట ఎక్కడ పోతుంది? చీటీ దగ్గర, రిపోర్టు దగ్గర, మందుల కౌంటర్ దగ్గర. మనం బాటిల్‌నెక్ వెతికినట్టే, ఒక్కో మెట్టుకీ ఎన్ని నిమిషాలో రాసుకుంటారు. తర్వాత ఒక మార్పు: కల్చర్‌కి రక్తం తీయగానే, రిపోర్టు కోసం ఆగకుండా మొదటి డోసు. లేదా మందు ఎమర్జెన్సీలోనే ఉంచడం. మళ్ళీ కొలుస్తారు, టైమ్ తగ్గితేనే ఆ మార్పు ఉంచుతారు. ఫ్యాక్టరీల్లో మనం చదివే పీడీఎస్ఏ సైకిలే ఇది.

మన వంతూ ఉంది. ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతుంటే, జ్వరమొస్తే "పొద్దున చూద్దాంలే" అనకండి. ఆసుపత్రిలో మొదటి మాటే "కీమో జరుగుతోంది" అని చెప్పండి.