ప్రామ్ రాత్రి: వేడుకా, వ్యవస్థా

అమెరికన్ నవలల్లోనూ సినిమాల్లోనూ తరచు ఎదురయ్యే ‘ప్రామ్’ అనే మాటను మన సాహిత్య విద్యార్థులు ‘డాన్సు పార్టీ’ అని సరిపెట్టుకుని ముందుకు పోతుంటారు. ఆ అర్థం తప్పు కాదు, చాలదు. వట్టి డాన్సే అయితే పిలుపు రాని పిల్ల అంతగా ఎందుకు కుమిలిపోతుందో బోధపడదు.

‘ప్రామనేడ్’ అనే మాటకు ఇది పొట్టిరూపం. అతిథులు జంటలుగా, వరసగా సభలోకి నడిచి రావడాన్ని అది సూచిస్తుంది. 19వ శతాబ్దం చివర అమెరికా ఈశాన్య ప్రాంతపు కళాశాలల్లో మొదలైన ఈ వేడుక, 20వ శతాబ్దంలో హైస్కూళ్లకు పాకింది. 1950ల నాటి వినియోగ సంస్కృతిలో ఆర్భాటం పెంచుకుంది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు చదువు ముగియబోయే వసంతంలో దీన్ని జరుపుకుంటారు. ఆడపిల్లకు పొడవాటి గౌను, మణికట్టుకు పూలగుత్తి, మగపిల్లవాడికి చాలాసార్లు అద్దెకు తెచ్చిన నల్లకోటు, స్తోమతుంటే అద్దెకారు. ఓట్లు వేసి ఒక రాజునూ ఒక రాణినీ ఎన్నుకోవడమూ ఉంది.

నా దృష్టిలో ఆ అద్దెకోటులోనే ఈ వేడుక ఆయువుపట్టు ఉంది. ఒక్క రాత్రికి పిల్లవాడు పెద్దవాడవుతాడు, కార్మికుడి కొడుకు దొరబిడ్డవుతాడు. తెల్లవారితే కోటు దుకాణానికి తిరిగిపోతుంది. అంతమాత్రాన పిల్లల ఆరాటాన్ని బూటకమని కొట్టిపారేయలేం. తల్లిదండ్రుల నీడ దాటి, తాను కోరుకున్న మనిషి పక్కన నలుగురి ఎదుటా నిలబడాలనే తపన నిజమైనదే. కనుకనే తిరస్కారం చేసే గాయమూ లోతుగా ఉంటుంది. స్టీఫెన్ కింగ్ ‘కేరీ’ నవల (1974) ఆ గాయం మీదే నిలిచింది: రాణిగా ఎన్నికైన పిల్ల మీద పందిరక్తం గుమ్మరిస్తారు. ‘ప్రెటీ ఇన్ పింక్’ చిత్రం (1986) వర్గభేదాన్ని సూటిగానే తాకింది. పేదింటి పిల్ల తన గౌను తానే కుట్టుకుంటుంది. మొదట తీసిన ముగింపులో ఆమె తనలాంటి స్నేహితుడితోనే ఉండిపోతుంది. ముందస్తు ప్రదర్శనలో ప్రేక్షకులకు అది నచ్చలేదని, ధనికుల అబ్బాయితో కలిపి కొత్త ముగింపు తీశారు. కళను మార్కెట్ ఎలా దిద్దుతుందో ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ అరుదు.

వర్ణభేదం కథ మరీ కఠినం. మిసిసిపీ రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ పట్టణంలో తెల్ల, నల్ల పిల్లలు 1970 నుంచి ఒకే బడిలో చదివారు. ప్రామ్ మాత్రం వేరువేరుగా జరిగేది. అందరినీ కలిపి జరిపితే ఖర్చు తాను భరిస్తానని నటుడు మోర్గాన్ ఫ్రీమన్ 1997లో ముందుకొస్తే ఎవరూ అందుకోలేదు. 2008లో మళ్లీ అడిగితే ఒప్పుకున్నారు. ఆ ఏడు కూడా కొందరు తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లలకు విడిగా మరో ప్రామ్ జరిపారు. చట్టం తరగతి గదిలో పక్కపక్కన కూర్చోబెట్టగలిగింది. చేయి చేయి పట్టుకుని ఆడే చోటికి వచ్చేసరికి పాత సమాజం అడ్డు నిలిచింది. సహపంక్తి భోజనాల చరిత్ర తెలిసిన తెలుగువాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాల మీద కథలు రాసేవారికి ఈ రాత్రి మంచి ఇతివృత్తం. ‘మన సంస్కృతి మంటగలిసింది’ అనే తండ్రి ఉపన్యాసంతో ముగిస్తే కథ తేలిపోతుంది. కోటుకు డబ్బు ఎవరిచ్చారు, పిల్లను ఎవరు పిలిచారు, ఆ పిలిచినవాడి రంగు చూసి ఇంట్లో ఎవరు ముఖం చిట్లించారు? రచయిత ముందుగా ఈ ప్రశ్నలు వేసుకోవాలి.