పుచ్చు పోయింది... పన్ను మిగిలింది!

'దవడ పన్నేగా, పీకించేస్తే పోలా!' డోంగ్లి లాంటి పల్లెల్లో పంటినొప్పికి చాలామంది చెప్పే మందు ఇదే. కానీ ముద్ద నమలడానికి ఆధారం ఆ పన్నే. పుచ్చు నరం దాకా చేరకముందే వెళితే ఒక్క పూటలో బాగుచేయొచ్చు.

పుచ్చిన భాగాన్ని తొలిచి, యాసిడ్ జెల్‌తో గరుకు చేసి, జిగురులాంటి ద్రవం రాస్తారు. ఆపైన పంటి రంగు కాంపోజిట్‌ను రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా నింపుతూ, ఒక్కో పొరనూ నీలికాంతితో గట్టిపరుస్తారు. ఎత్తుపల్లాలు చెక్కాక అచ్చం సొంత పన్నే! ఆ సమయంలో ఉమ్మి తడి తగలకూడదంతే.

పాత వెండి ఫిల్లింగ్‌లో దాదాపు సగం పాదరసమే. ఐరోపా సమాఖ్య 2025లో దాని వాడకాన్ని చాలావరకు ఆపేసింది.

చల్లనీళ్లకు పన్ను జివ్వుమని లాగుతోందా? ఇప్పుడే చూపించుకోండి. ఆలస్యమైతే రూట్‌కెనాల్ తప్పకపోవచ్చు!