ఒళ్లెందుకు వణికింది?

వణుకు రోగం కాదు... రోగం పంపిన కబురు. అది ఎక్కణ్నుంచి వచ్చిందో కనిపెట్టడానికి డాక్టర్ల యంత్రాల కన్నా ముందు అక్కరకొచ్చేవి పక్కనున్నవాళ్ల కళ్లు!

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్ ప్రాంతం. అప్పటిదాకా ఎవరి పనుల్లో వాళ్లున్న మనుషులు ఉన్నట్టుండి కిందపడి గిలగిలా కొట్టుకున్నారు. నోట్లోంచి నురగ వచ్చింది. కొద్ది నిమిషాలకే తేరుకుని, తమకేం జరిగిందో తెలియక తెల్లమొహం వేశారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు... కొన్ని రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. ఒకరు మరణించారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది త్వరగానే కోలుకుని ఇళ్లకెళ్లారు. కానీ ఊరి వణుకు మాత్రం అంత త్వరగా తగ్గలేదు.

కరోనా కాలం కదా... మొదట అదే అనుమానం. పరీక్ష చేస్తే కాదని తేలింది. ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటున్న దాఖలాలూ లేవు. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం... అన్నిటి నమూనాలూ ప్రయోగశాలలకు వెళ్లాయి. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉంటాయన్న అభిప్రాయానికి నిపుణులు వచ్చారు. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చాలంటే దీర్ఘకాలం అధ్యయనం చేయాలన్నారు.

దేశంలోని పెద్ద పెద్ద సంస్థలు కదిలివస్తేనే ఒక ఊరి వణుకు వెనకున్న కథ అంత కష్టంగా బయటపడింది. అలాంటిది అర్ధరాత్రి మనింట్లో ఒకరికి ఒళ్లంతా ఊగిపోతుంటే ఏమనుకోవాలి? చలిజ్వరమా, ఫిట్సా, షుగరా, భయమా... లేక పక్కింటావిడ అన్నట్టు గాలి సోకిందా?

కంగారుపడకుండా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మనిషికి స్పృహ ఉందా? ఒళ్లు కాలుతోందా? ఈ ఒకట్రెండు రోజుల్లో కొత్తగా ఏం తిన్నారు, ఏం వేసుకున్నారు, ఏం మానేశారు? సగం గుట్టు వీటి జవాబుల్లోనే ఉంటుంది.

దుప్పట్లు కప్పినా ఆగదు!

స్పృహ ఉంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మూడు దుప్పట్లు కప్పినా చలి తగ్గడం లేదు. ఇది అందరికీ తెలిసిన చలిజ్వరం. మన మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని అదుపు చేస్తుంటుంది. ఒంట్లో సూక్ష్మజీవులు చేరగానే అది వేడిని పెంచాలనుకుంటుంది. అందుకోసం కండరాలను గబగబా కదిలించి వేడి పుట్టిస్తుంది. ఆ కదలికే వణుకు. అంటే జ్వరం వచ్చాక వణకడం కాదు, జ్వరాన్ని తెచ్చుకోవడానికే ఒళ్లు వణుకుతుందన్నమాట! అందుకే వణుకు మొదలైనప్పుడు మామూలుగా ఉన్న ఒళ్లు, అరగంట పోయాక చూస్తే కాలిపోతుంటుంది.

ఇలాంటి వణుకుకి మలేరియా పెట్టింది పేరు. వణుకు, మంటలాంటి జ్వరం, తర్వాత ముచ్చెమటలు... వరసగా వస్తాయి. ఆ జబ్బుకీ మన ప్రాంతానికీ ఓ చారిత్రక బంధముంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే చలిజ్వరమంటే మలేరియా ఒక్కటే కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, చీముగడ్డలు కూడా ఇలాగే వణికిస్తాయి. ముఖ్యంగా పెద్దవయసువాళ్లు చలి అంటూ వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ‘రేపు చూద్దాంలే’ అనుకోకూడదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి చేరితే గంటలు కూడా విలువైనవే.

చెంచాడు చక్కెరే మందు!

జ్వరం లేదు. చేతులు వణుకుతున్నాయి, చల్లటి చెమటలు, గుండెదడ, విపరీతమైన ఆకలి. ఆ మనిషికి మధుమేహం ఉందంటే మొట్టమొదట అనుమానించాల్సింది రక్తంలో చక్కెర పడిపోవడాన్నే. పొద్దున్నే మాత్ర వేసుకుని ‘ఇవాళ ఏకాదశి’ అని ఉపవాసం ఉండటం, ఇన్సులిన్ తీసుకుని పెళ్లి హడావుడిలో టిఫిన్ మర్చిపోవడం... చాలా ఇళ్లలో జరిగేవే. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చక్కెర తక్కువైనట్టు. 54 కన్నా తగ్గితే ప్రమాదం ముంచుకొచ్చినట్టు.

మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ పరీక్షించాలి. తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. కుదుటపడ్డాక ఏదైనా తినిపించాలి. చాక్లెట్లు, బిస్కెట్లలో కొవ్వు ఉంటుంది కాబట్టి అందులోని చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో సంగతి. బీపీకీ, గుండెకీ వాడే కొన్ని మందులు ఈ వణుకునీ, దడనీ కనబడనివ్వవు. అలాంటివాళ్లలో చెమటలు పట్టడమే హెచ్చరిక కావచ్చు.

భయం కూడా వణికిస్తుంది

అన్ని పరీక్షలూ బాగున్నాయి. అయినా హఠాత్తుగా గుండె దడదడలాడి, ఊపిరాడనట్టయి, చచ్చిపోతానేమో అన్నంత భయంతో ఒళ్లు వణుకుతుంది. పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి, నెమ్మదిగా దిగిపోతుంది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. ఇక్కడ వణికిస్తున్నది అడ్రినలిన్ అనే హార్మోను. ఎదురుగా పులి ఉన్నప్పుడు పరుగెత్తడానికి పనికొచ్చేది, పులి లేకపోయినా విడుదలైపోతుంది. ‘అంతా నీ భ్రమ’ అని కొట్టిపారేస్తే ఆ మనిషి మరింత కుంగిపోతారు. బాధ నిజమైందే, చికిత్సా ఉంది. అయితే మొదటిసారి వచ్చినప్పుడు గుండెజబ్బు కాదని డాక్టరే తేల్చాలి, ఇంట్లోవాళ్లు కాదు.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇంచుమించు ఇవే లక్షణాలు. చేతులు చాపి వేళ్లమీద కాగితం పెడితే అది అదురుతుంటుంది. బాగా తింటున్నా బరువు తగ్గిపోతుంటారు. ఒక్క రక్తపరీక్షతో విషయం తెలిసిపోతుంది.

మానేసినా వణుకే!

తాగితే ఒళ్లు తూలుతుందని అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కూడా ప్రమాదమేనని చాలామందికి తెలియదు. చివరిసారి తాగిన కొద్దిగంటలకే చేతులు వణకడం మొదలవుతుంది. రెండ్రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించడం, వినిపించడం, మతిస్థిమితం తప్పడం... ప్రాణం మీదికీ వస్తుంది.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు ముమ్మరం చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ లాంటి జిల్లాల్లో ఇదే కనిపించింది. కల్లులో కలిపే అల్ప్రాజోలమ్, డైజోపామ్ లాంటి మత్తుమందులకు అలవాటుపడిన ఒళ్లు, అవి అందకపోయేసరికి తల్లడిల్లింది. వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు వరసకట్టారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వచ్చినవాళ్లదీ ఇదే బాధ. అలాగని తాగుడు మానొద్దని కాదు... డాక్టరు సాయంతో మానాలి. అవమానం అనుకుని ఇంట్లో దాచిపెడితే జరగరానిది జరగొచ్చు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలతోనూ జాగ్రత్త. ఆయాసానికి వాడే సాల్‌బుటమాల్‌తో చేతులు వణకొచ్చు. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వేసుకునే సిన్నరిజిన్, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ లాంటివి కొందరు పెద్దవాళ్లలో అచ్చం పార్కిన్సన్స్ లాంటి వణుకునే తెస్తాయి. డాక్టరు సలహాతో మందు ఆపేస్తే చాలామందిలో అదే తగ్గిపోతుంది. అందుకే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లోని మందులన్నీ ఓ సంచిలో వేసుకెళ్లాలి. పురుగుమందు కొట్టి వచ్చిన రైతుకి కండరాలు అదురుతున్నా, చొంగ కారుతున్నా బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా పరుగెత్తాలి.

స్పృహ తప్పితే...

ఒళ్లు బిగుసుకుని, కళ్లు తేలేసి, కాళ్లూచేతులూ కొట్టుకుంటుంటే ఫిట్స్ కావచ్చు. మన దేశంలో మూర్ఛకు ఓ ముఖ్య కారణం మెదడులో చేరే బద్దెపురుగు లార్వాలు. ‘మేం మాంసమే ముట్టం, మాకెందుకొస్తుంది’ అనుకోవడానికి లేదు. ఆ పురుగు గుడ్లు కడగని ఆకుకూరలు, శుభ్రత లేని చేతుల ద్వారా శాకాహారుల్లోకీ చేరతాయి.

ఆర్నెల్ల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ తల్లిదండ్రుల గుండెలు ఆపేస్తాయి గానీ చాలామటుకు వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకి హాని చేయవు. అయినా మొదటిసారి వస్తే డాక్టరుకి చూపించాల్సిందే. తలమీద బాగా వేడినీళ్లు పోసుకునేటప్పుడు ఫిట్స్ వచ్చేవాళ్లూ ఉన్నారు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో ఇది ఎక్కువ. నీళ్ల వేడి తగ్గిస్తే చాలామందికి మళ్లీ రావు.

అయిదో నెల దాటిన గర్భిణికో, కొత్త బాలింతకో ఫిట్స్ వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకూడదు. బీపీ పెరగడం వల్ల వచ్చే ఈ గుర్రపువాతం తల్లీబిడ్డలిద్దరికీ గండమే. అంతకుముందే తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మొహం ఉబ్బడం కనిపిస్తాయి. అప్పుడే మేల్కోవాలి.

ఇక ఎండలో నిలబడో, రక్తం చూసో కళ్లు తిరిగి పడిపోయినవాళ్ల చేతులు కూడా కొద్ది సెకన్లపాటు అదరొచ్చు. చూసేవాళ్లకి ఫిట్స్‌లానే ఉంటుంది. కానీ కింద పడుకోగానే తేరుకుంటారు. మెదడులో ఏ తేడా లేకుండానే, మనసులో అణచుకున్న బాధ ఫిట్స్ రూపంలో బయటపడేవాళ్లూ ఉన్నారు. అది నటన కాదు, దయ్యమూ కాదు. వీడియో ఈఈజీ పరీక్షతో తేడా పట్టుకుని, కౌన్సెలింగ్‌తో నయం చేయొచ్చు.

తాళంచెవి వద్దు!

ఫిట్స్ రాగానే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం... ఇవేవీ ఫిట్స్‌ని ఆపవు. అది దానంతటదే ఆగిపోతే, ఆ ఘనత తాళంచెవి ఖాతాలో పడుతోంది. చెంచా వల్ల మాత్రం పళ్లు విరుగుతాయి.

చేయాల్సినవి కొన్నే. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేయాలి. తలకింద మెత్తటిదేదైనా పెట్టాలి. మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. కదలికలు తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కాళ్లూచేతులూ అదిమిపట్టకూడదు. పూర్తిగా తెలివొచ్చేదాకా నీళ్లు కూడా పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా, తలకి దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ రావడం అదే మొదటిసారైనా అంతే.

ఇంట్లోవాళ్లే సాక్షులు

డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వణుకు ఆగిపోతుంది. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. జరిగింది రోగికే గుర్తుండదు. అప్పుడు మిగిలేది చూసినవాళ్ల సాక్ష్యమే. ఎన్ని నిమిషాలుంది? ఒక వైపు మొదలైందా, రెండు వైపులా ఒకేసారి వచ్చిందా? కళ్లు తెరిచి ఉన్నాయా, మూసుకున్నాయా? నాలుక కొరుక్కున్నారా? బట్టల్లో మూత్రం పోయిందా? తేరుకున్నాక మనుషుల్ని గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టింది? వీలైతే ఒకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. నలుగురికీ పంపడానికి కాదు, డాక్టరుకి చూపించడానికి. న్యూరాలజిస్టులకు వంద మాటల కన్నా అర నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది.

కారణం తెలియని వణుకుల్లో చాలావాటికి కారణం ఉంటుంది... చూసినవాళ్లు చెప్పకపోవడం వల్లే అది తెలియకుండా పోతుంది. వణుకుతున్న మనిషికి కావాల్సింది చుట్టూ చేరి తామూ వణికిపోయే నలుగురు కాదు. నిబ్బరంగా గడియారం చూసే ఒక్కరు!